రాబడికి ఆధారం ఏది?

ఊరి ఆదాయం పెంచే పనులు ఆ ఊరి నీటినీ నేలనూ అడవినీ హరించకుండా సాగడం ఎలా అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని ఈ సంచికకు తీసుకున్నాం. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ జిల్లా పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు తొమ్మిది ఇతివృత్తాలు ఇచ్చి కొన్నింటిని ఎంచుకోమన్నారు. మేము పచ్చదనం, పరిశుభ్రత ఎంచుకొని మొక్కలు నాటించాం. ఆదాయం పెంచే పనులను వేరే కాగితంలో రాశాం. సుస్థిరతనూ ఆర్థికాభివృద్ధినీ కలపాలని శిక్షణలో చెబుతున్నారు గానీ, ఏం చేస్తే కలిసినట్టో ఎవరూ చెప్పడం లేదు.
– మహిళా సర్పంచ్, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: మొక్కలు ఒక కాగితంలోనూ రాబడి ఇంకో కాగితంలోనూ ఉన్నంతకాలం ఆ రెండూ కలవవమ్మా. రాబడి రాసిన కాగితం మీదే ప్రతి పనికీ ఎదురుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ఆదాయం దేని మీద ఆధారపడి వస్తుంది, ఆ ఆధారం ఏడాదికి ఎంత తరుగుతుంది, తిరిగి ఎంత నిండుతుంది? మీ ప్రాంతంలో ఆ ఆధారం దాదాపు ప్రతిసారీ నీరే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక హెక్టారు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే పది వేల లీటర్లు, అంటే పది ఘనపు మీటర్ల నీరు. వెయ్యి హెక్టార్ల విస్తీర్ణమున్న ఊళ్ళో ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన కురిస్తే యాభై లక్షల ఘనపు మీటర్లు. చాలా ఎక్కువగానే కనిపిస్తుంది. కానీ మీ వంటి గట్టి రాతి నేలల్లో అందులో సుమారు పదో వంతు మాత్రమే భూగర్భానికి చేరుతుంది, మిగతాది ఆవిరిగానూ వాగులోనూ పోతుంది. చేతికి అందేది ఐదు లక్షల ఘనపు మీటర్లు. వరికి హెక్టారుకు పన్నెండు వేల ఘనపు మీటర్లు కావాలనుకుంటే, మనుషులకూ పశువులకూ చుక్క మిగల్చకుండా తోడినా, ఆ నీటితో పండేది వంద ఎకరాలకు కాస్త పైన. అదే నీటితో రబీలో వేరుశనగ వేస్తే రెండు వందల యాభై ఎకరాల దాకా తడుపుకోవచ్చు. మీ ఊళ్ళో బోర్ల కింద ఇప్పుడు వరి ఎన్ని ఎకరాలు ఉందో మీకు తెలుసు. ఆ సంఖ్యను ఈ లెక్క పక్కన రాసి గ్రామసభలో చదివించండి. కొత్తగా పది బోర్లు వేయించడం ఆదాయం పెంచే పని అవుతుందో, ఉన్న బోర్ల ఆదాయాన్ని పంచుకోవడం అవుతుందో సభకే అర్థమవుతుంది.

ఇది ఇప్పటికే చేసిచూపిన పని. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలోని హివరే బజార్ మీ జిల్లాకన్నా తక్కువ వాన పడే ఊరు. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యాక, 1990లలో ఆ గ్రామసభ కొండవాలుల్లో కందకాలు తవ్వించింది, మేతకు పశువులను అడవిలోకి తోలడం ఆపించింది, సాగు కోసం బోర్లు వేయరాదని తీర్మానించింది, చెరకు, అరటి వంటి నీటిని తాగేసే పంటలను వద్దనుకుంది. వానాకాలం ముగిశాక ఆ ఏడు పడిన వాననూ బావుల మట్టాన్నీ కొలిచి, ముందు తాగునీరు, తర్వాత పశువులు, ఆ మిగిలినదే సాగుకు అని పంచుకొంటారు. కందకాల వల్ల గడ్డి పెరిగింది. గడ్డి వల్ల పాడి పెరిగింది. 1990ల మధ్యలో రోజుకు సుమారు 150 లీటర్లుగా ఉన్న పాలు తర్వాతి ఏళ్ళలో 4000 లీటర్ల దాకా చేరాయి. పాల రాబడి అక్కడ ఆర్థికాభివృద్ధి పద్దులోది, కందకం పర్యావరణం పద్దులోది. ఏ పద్దు ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలైందో ఆ ఊళ్ళో విడదీసి చెప్పలేం.

అయితే హివరే బజార్ చిన్న ఊరు, గట్టి నాయకత్వం దొరికిన ఊరు. నిషేధాలు మీ ఊళ్ళో మొదటి ఏడాదే నిలుస్తాయని నేను అనుకోను. అందుకు మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఇంకో దారి నడిచింది. 2000ల తొలి దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, ఆరు వందలకు పైగా గ్రామాల్లో, రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల యాజమాన్య పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. అక్కడ ఎవరినీ ఏదీ మానమనలేదు. రైతులే వానమాపకం చూసి రాసుకొన్నారు, బోర్ల నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చొని పంటల వారీగా నీటి పద్దు వేసుకొని ఊరి గోడ మీద రాశారు. ఏ పంట వేయాలన్నది రైతు ఇష్టానికే వదిలారు. నీరు చాలదని కళ్ళముందు కనిపించినప్పుడు చాలా చోట్ల వరి విస్తీర్ణం దానంతటదే తగ్గింది. గోడ మీది అంకె ఒక్కటే చాలుతుందని చెప్పలేను. మోటారుకు విద్యుత్తు ఉచితమైన చోట ఎక్కువ తోడినవాడికి ఎక్కువ ఖర్చు పడదు, లోతుగా బోరు వేయగలిగినవాడు గోడ వైపు చూడడు. అలాంటివారి కోసమే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది. కొత్త బోరుకు అనుమతి ఉందా అని అడిగే అధికారం ఆ చట్టానిది, దాన్ని అడిగించే ధైర్యం గ్రామసభది.

ప్రశ్న: మాది భీమవరం వైపు పల్లె. మా కుటుంబానికి ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది, నేను బడిలో పాఠాలు చెబుతాను. ముప్పై ఏళ్ళలో మా ఊరికి మేడలు వచ్చాయి, మంచినీళ్ళు పోయాయి. ఇంటింటా ఇరవై లీటర్ల డబ్బాలు కొంటున్నాం. పర్యావరణం పేరు చెప్పి చెరువులు పూడ్చమంటే మా పిల్లల ఫీజులు ఎవరు కడతారు? పూడ్చకపోతే వాళ్ళు ఏ నీళ్ళు తాగుతారు?
– ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ రెండు ప్రశ్నల్లో ఏ ఒక్కటి వదిలేసి జవాబు చెప్పినా అది అబద్ధమవుతుంది. కనుక కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

కోస్తాలో రొయ్యల సాగు ఇప్పటికే ఒకసారి కూలి లేచింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కాసులు కురిపించింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా వరి చేలు తవ్వి చెరువులు చేశారు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి పడినప్పుడు ఒక చెరువులో చచ్చిన రొయ్యల నీటిని ఏ కాలువలోకి వదిలారో, పక్క చెరువుకు అదే కాలువ నుంచి నీరు తోడారు. వ్యాధికి వాహనం మనం తవ్వుకొన్న కాలువే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర్పు ఇస్తూ, తీర నియంత్రణ మండలంలో, సంప్రదాయ పద్ధతులు మినహా, రొయ్యల చెరువులు ఉండరాదని, సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని, కలుషితం చేసినవారే నష్టం భరించాలని చెప్పింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి వ్యాధి లేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకొని వనామీ అనే మరో రకం రొయ్య సాగుకు అనుమతించారు. ఇప్పుడు మీరు చూస్తున్నది ఆ రెండో జీవితం.

దీని నుంచి నాకు తోచేదేమంటే, రొయ్యల సాగులో సుస్థిరత అనేది బయటివాళ్ళు వచ్చి రుద్దే నీతి కాదు. మీ చెరువు ఆరోగ్యం పక్కవాడు వదిలే నీటి మీద, పక్కవాడిది మీరు వదిలే నీటి మీద ఆధారపడి ఉంది. ఒక్కడే ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం లేని వృత్తి ఇది. 2000ల మొదట్లో మొగల్తూరులో కొద్దిమంది రైతులు ఆక్వా క్లబ్బుగా ఏర్పడి, అందరూ ఒకే వారంలో సీడు (రొయ్య పిల్లలు) వేయడం, ఆ సీడును కలిసి పరీక్ష చేయించడం, వ్యాధి వస్తే దాచకుండా చెప్పడం, నీరు ఎప్పుడు వదలాలో మాట్లాడుకొని వదలడం మొదలుపెట్టారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ దన్నుతో ఆ పద్ధతి ఇతర ఊళ్ళకు పాకి, 2007లో సుస్థిర ఆక్వాకల్చర్ కోసం కాకినాడ కేంద్రంగా ఒక జాతీయ సంస్థ ఏర్పడడానికి దారితీసింది. వ్యాధి నష్టం తగ్గడం, మందుల వాడకం తగ్గడం రెండూ ఆ సంఘాల వల్ల జరిగిన మేళ్ళే. మీ జిల్లాలో పుట్టిన పద్ధతి మీ ఊరికి కొత్త కాకూడదు.

ఇక మంచినీళ్ళ సంగతి. డెల్టా చివరి గ్రామాల్లో భూగర్భ జలం చాలా చోట్ల సహజంగానే ఉప్పన. అందుకే మీ పూర్వులు బావిని నమ్మక, కాలువ వచ్చినప్పుడు మంచినీటి చెరువు నింపుకొన్నారు. ఇప్పుడు రొయ్యల చెరువుల ఊట ఆ చెరువులోకి దిగుతున్నది, వదిలిన నీరు సాగు కాలువలో కలుస్తున్నది. ఊరి ఆదాయం లెక్క వేసేటప్పుడు మేడలను కలుపుతున్నారు గానీ, ఇంటింటా కొంటున్న డబ్బాల ఖర్చును తీసివేయడం లేదు. అది తీసివేసి చూడండి. మీవంటి చెరువు ఉన్న ఇంటికి డబ్బా ధర చిన్నది. చెరువు లేని, చేను కూడా లేని కూలి ఇంటికి అదే డబ్బా అదే ధర. లాభం ఒకరిది, నీటి ఖర్చు అందరిదీ అయినప్పుడు దాన్ని ఊరి అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

ఏం చేయవచ్చంటే, పూడ్చడానికీ ఊరుకోవడానికీ మధ్య చేయవలసినది చాలా ఉంది. మంచినీటి చెరువు చుట్టూ కొంత దూరం రొయ్యల చెరువు ఉండరాదని గ్రామసభ తీర్మానించి, ఇప్పటికే ఉన్నవారికి లీజు గడువు తీరేదాకా సమయం ఇవ్వవచ్చు. పట్టుబడి తర్వాత నీటిని నేరుగా కాలువలోకి కొట్టకుండా, అయిదారుగురు రైతులు కలిసి ఒక శుద్ధి కుంటకు కొంత నేల వదులుకోవచ్చు. అడుగు మడ్డి అక్కడ దిగిన తర్వాతనే నీరు మురుగు కాలువకు పోవాలి, సాగు కాలువకు ఎన్నటికీ పోరాదు. ఎకరానికి ఇంత అని రైతు సంఘమే స్వచ్ఛందంగా వసూలు చేసి, మంచినీటి చెరువు గట్టుకూ ఇసుక వడపోత పడకకూ ఇవ్వవచ్చు. ఆరెకరాల రైతుగా మీరే ముందు సంతకం పెడితే, ఉపాధ్యాయుడిగా మీ మాటకున్న విలువ రెట్టింపవుతుంది.

కొల్లేరును చూసైనా ఈ పని ముందే చేసుకోవాలి. 308 చదరపు కిలోమీటర్ల మేర, +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సులో చెరువుల గట్లు పెరుగుతుంటే అందరూ చూస్తూ ఊరుకొన్నారు. 2006లో ఆ గట్లను కొట్టివేసినప్పుడు పెద్ద పెట్టుబడిదారులు వేరే చోటికి తరలిపోయారు, ఊళ్ళలో మిగిలింది చిన్నవాళ్ళు. ఆలస్యంగా వచ్చే దిద్దుబాటు ఎప్పుడూ పేదవాడి మీదే ముందు పడుతుంది.

ఇంకో మాట కూడా ఉంది, అది నీటికి సంబంధించినది కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దేశానికి పోయే రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలు మీ చెరువు గట్టు మీదే పడిపోయాయి. ఒకే పంట, ఒకే కొనుగోలుదారు మీద నిలిచిన ఊరు, నేల ఎంత పచ్చగా ఉన్నా, నిలకడైన ఊరు కాదు. పంటకాలాన్ని తగ్గించి కొంత నేలను చేపకో వరికో తిరిగి ఇవ్వగలిగితే నేలకూ ఊపిరి, మీ అప్పుకూ ఊపిరి.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మల పని చేసే కుటుంబం మాది. ప్రభుత్వం ప్రదర్శనలు పెడుతున్నది, ఆన్‌లైన్ అమ్మకాలు నేర్పుతున్నది. గిరాకీ ఉంది. కర్ర దొరకడం మాత్రం ఏటికేడు కష్టమవుతున్నది. దీన్ని ఎవరికి చెప్పుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మాయీ, హస్తకళల పథకాలు అన్నీ అమ్మకం దగ్గర మొదలై అమ్మకం దగ్గరే ఆగిపోతాయి. చెట్టు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. మీ బొమ్మకు అంకుడు కర్ర కావాలి. కొండపల్లికి, నిర్మల్‌కు పొనికి కర్ర కావాలి. ఈ మూడు ఊళ్ళలోనూ పనివాడి నైపుణ్యం కన్నా ముందు అరుదైపోతున్నది ఆ చెట్టే.

ఏటికొప్పాక ఒక సగం పని ఇదివరకే చేసి చూపింది. రసాయన రంగులు వచ్చి పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులను తోసేసినప్పుడు, సి.వి. రాజు వంటివారు పట్టుపట్టి సహజ రంగులను లక్కలో కలిపే పద్ధతిని తిరిగి నిలబెట్టారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకొనే వస్తువులో సీసం ఉండరాదని ప్రపంచమంతా నియమాలు బిగించిన కాలంలో, ఆ పాత రంగే కొత్త మార్కెట్టు తెచ్చింది. 2021 జనవరి నుంచి ఆటవస్తువులకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్నవారికీ మినహాయింపు దొరికింది. రంగు విషయంలో ప్రకృతి వైపు నిలబడడమే మీకు రాబడి అయింది. కర్ర విషయంలో ఆ సగం ఇంకా మిగిలి ఉంది.

అంకుడుకు ఒక మంచి గుణం ఉంది. మోడు మిగిల్చి నరికితే మళ్ళీ చిగురు వేస్తుంది. మీకు కావలసినది లావు దుంగ కాదు, చేతికి పట్టేంత కొమ్మ. కాబట్టి చెట్టును కూల్చకుండా వంతుల వారీగా కోసుకొనే తోటలు పెంచడం సాధ్యమే. బంజరు భూమిలోనో, పొలం గట్ల మీదనో, అటవీ సంరక్షణ సమితి నేలలోనో ఆ పని చేయవచ్చు. చిక్కు ఏమంటే, చెట్టు పెరిగే నాలుగైదేళ్ళూ రైతుకు చేతికి ఏమీ రాదు. కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ ఇలాంటి చిక్కుకే ఒక విరుగుడు కనిపెట్టింది. నాటిన చెట్టును పూచీగా పెట్టుకొని రైతుకు చెట్టుకు ఏటా యాభై రూపాయల చొప్పున పదేళ్ళు వడ్డీ లేని అప్పు ఇస్తారు, నరికినప్పుడే తిరిగి కడతారు. నరకకపోతే కట్టనక్కరలేదు. మీరు నరికేది కొమ్మే కాబట్టి షరతులు మార్చుకోవాలి గానీ, బొమ్మల సహకార సంఘమూ పంచాయతీ కలిస్తే ఆ నమూనా ఇక్కడా పనికి వస్తుంది.

ఎవరికి చెప్పుకోవాలి అన్నారు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. చాలా చోట్ల అది రిజిస్టరులో సంతకాల కోసమే ఉంటుంది. అంకుడు ఎక్కడెక్కడ ఎన్ని చెట్లు మిగిలాయో లెక్కించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించండి. వ్యాపారం కోసం సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది. డిగ్రీ చదువుతున్నారు కదా, ఈ లెక్కే మీ ప్రాజెక్టు పనిగా తీసుకోవచ్చు.

ప్రశ్న: పంచాయతీకి సొంత ఆదాయం లేకుండా సుస్థిరత మాటలు ఎందుకు? మాకు వచ్చే నిధుల్లో సగానికి పైగా ఏ పనికి వాడాలో పైనుంచే నిర్ణయమై వస్తున్నాయి.
– వార్డు సభ్యుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: నిజమే. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ కట్టుబడినవే. అయితే ఆ తాగునీటి పద్దులోనే వాననీటి సంరక్షణ కూడా ఉంది. దాన్ని పైపులకే వాడిన ఊళ్ళే ఎక్కువ.

సొంత ఆదాయానికి వస్తే, తమిళనాడు కోయంబత్తూరు జిల్లా ఒడందురై పంచాయతీ కథ మీ సభ్యులందరూ తెలుసుకోవలసినది. నీళ్ళ పంపులకు, వీధి దీపాలకు కరెంటు బిల్లు ఏటేటా పెరుగుతుంటే, ఆ పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర ఒకటి కొన్నది. దాని ధర కోటి యాభై అయిదు లక్షలు. నలభై లక్షలు తన పొదుపు నుంచి పెట్టి, మిగతాది బ్యాంకు అప్పు తీసుకొంది. తన అవసరానికి మించిన విద్యుత్తును రాష్ట్ర విద్యుత్ బోర్డుకు అమ్మి అప్పు తీర్చింది. నాకు ఇందులో గాలిమర కన్నా ఆ నలభై లక్షల పొదుపు గొప్పగా కనిపిస్తుంది. పన్నులు సరిగా వసూలు చేసి, ఖర్చు తగ్గించి కూడబెట్టిన పంచాయతీకే బ్యాంకు అప్పు ఇచ్చింది. ఆదిలాబాద్‌లో అంత గాలి లేదు, విద్యుత్ నియమాలూ నాటివి కావు. కనుక దాన్ని యథాతథంగా దించుకోమని చెప్పను. మీ జిల్లాలోనే ఇచ్చోడ మండలం ముఖరా(కె) తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేసి అమ్మి, ఆ డబ్బుతో సౌర ఫలకాలు పెట్టుకొంది. ముందు మీ పంచాయతీ ఏడాదికి కట్టే కరెంటు బిల్లు ఎంతో, అందులో పంపుల వాటా ఎంతో, కారుతున్న కుళాయిల వల్ల పంపు ఎన్ని గంటలు వృథాగా తిరుగుతుందో రాయండి. మొదటి ఆదాయం సాధారణంగా ఆ కాగితంలోనే దొరుకుతుంది.

ప్రశ్న: చిరుధాన్యాలకు గిరాకీ పెరిగిందని మా మండలంలో పెద్ద శుద్ధి కర్మాగారం పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ఒప్పంద సాగుకు సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?
– మహిళా రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఒప్పంద పత్రం చూడకుండా పెట్టండి అనీ, వద్దనీ చెప్పలేను. కానీ మీ జిల్లాలోనే ఉన్న ఒక అనుభవాన్ని గుర్తు చేయగలను. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, 1990ల మధ్యలో ముప్పైకి పైగా గ్రామాల్లో బీడుపడిన భూములను సాగులోకి తెచ్చాయి. రైతుకు ఇచ్చిన అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకొని, ఊరి ధాన్యనిధిలో నిల్వచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు పంచాయి. రేషను బియ్యం దూరం నుంచి లారీలో రావలసిన చోట, ఊరి బీడే ఊరికి అన్నం పెట్టింది. ఆ డబ్బు కూడా బయటికి పోకుండా ఊళ్ళోనే తిరిగింది.

ఈ దృష్టితో ఒప్పందాన్ని చదవండి. ఒకే పంట వేయాలని షరతు ఉందా? మీ పొలంలో జొన్నతో పాటు కంది, అనుము, కుసుమ కలిపి వేసే అలవాటు పోతే పంట పోయిన ఏడు మీకు రెండో దిక్కు ఉండదు. విత్తనం ఎవరిది? ఇంటి తిండికి కొంత ఉంచుకొనే హక్కు ఉందా? సామలు, కొర్రల పొట్టు తీసే చిన్న యంత్రం సంఘం చేతిలో ఉంటే, ధాన్యం అమ్మే ధరకూ బియ్యం అమ్మే ధరకూ ఉన్న తేడా మీకే మిగులుతుంది, తవుడు మీ గేదెకే దక్కుతుంది. కంపెనీ వస్తే రానివ్వండి, కానీ ఊళ్ళో ఆ చిన్న యంత్రం ముందు వచ్చి ఉంటే మీరు బేరమాడగలరు. విత్తనపు గింజలను మాత్రం ఏ ధరకూ అమ్ముకోవద్దు.

ప్రశ్న: అమెరికాలో స్థిరపడిన మేము కొందరం కలిసి మా సొంత ఊరికి ఏదైనా చేయాలనుకొంటున్నాం. స్వాగత ద్వారం, కమ్యూనిటీ హాలు అని ఊరివాళ్ళు అడుగుతున్నారు. సుస్థిరంగా ఉండేది ఏది?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు, సొంత ఊరు కృష్ణా జిల్లా

జవాబు: కట్టేదానికి కాక నడిపేదానికి ఇవ్వండి. మన ఊళ్ళలో నీటి శుద్ధి కేంద్రాలు, గ్రంథాలయాలు, బడి మరుగుదొడ్లు లేకపోలేదు, ప్రారంభోత్సవం నాటి రంగు వెలిశాక బాగుచేసేవాడు లేక మూతపడుతున్నాయి. ఒక మొత్తాన్ని బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఊరి మంచినీటి పంపుకూ చెరువు తూముకూ ఏటా మరమ్మతు జరిగేలా, గ్రామసభ ఎన్నుకొన్న కమిటీకి ఏటా ఊళ్ళో లెక్క చదివి వినిపించే షరతుతో అప్పగించండి. ఊళ్ళోని ఇద్దరు యువకులకు ఆ పనిలో శిక్షణ ఇప్పించి, జీతం ఆ వడ్డీ నుంచే ఇవ్వవచ్చు. దాతల పేర్లు ఎక్కడైనా చెక్కించాలని ఊరివాళ్ళు పట్టుబడితే, పంపు గది గోడ మీద చెక్కించమనండి. బిందె పట్టుకొని వచ్చినవాళ్ళు అక్కడ కాసేపు నిలబడతారు, ద్వారం కిందనుంచి అందరూ బండి ఆపకుండానే పోతారు.